"నా తల నా ఇష్టం" అంటున్నారు సరే, బండి వెనక కూర్చున్న మనిషి సంగతి?

"పడితే పగిలేది నా తలే కదా, హెల్మెట్ పెట్టుకోమని, సీటు బెల్టు పెట్టుకోమని ప్రభుత్వం ఎందుకు బలవంతపెట్టాలి?" అని అడిగారు. ఇక్కడ జవాబు రాసినవాళ్లు చాలామంది స్వేచ్ఛ గురించి, రాజ్యాంగం గురించి రాశారు. అందరూ బండి నడిపేవాళ్లే. వెనక కూర్చునే మనిషి గురించి ఒక్కరూ రాయలేదు. నేను ఆమె గురించే రాస్తాను. ఆమె మా అక్క.

చట్టం సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఈ స్వేచ్ఛ వాదన కొత్తదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో హెల్మెట్ తప్పనిసరి చేసినప్పుడు, అది స్వేచ్ఛగా తిరిగే హక్కుకు అడ్డమని ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1988లోనే కోర్టు ఆ వాదనను కొట్టేసింది. మనిషి ప్రాణం కాపాడటానికి, ప్రజల మేలు కోసం పెట్టిన నిబంధన హక్కును కాలరాసినట్టు కాదని చెప్పింది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా నడిపేవాళ్లకు, వెనక కూర్చున్నవాళ్లకు ఇద్దరికీ హెల్మెట్ ఉండాలంటుంది. తలపాగా కట్టుకున్న సిక్కులకు మాత్రం మినహాయింపు ఉంది.

మాది హనుమకొండ. అక్కావాళ్లది పరకాల దగ్గర పల్లె. యాసంగి (రబీ) కోతల టైంలో ఇక్కడ ఫంక్షన్ హాల్లో మా దగ్గరి చుట్టాల పెండ్లి అయింది. భోజనాలు అయ్యేసరికి పొద్దుగూకింది. "చీకటైతాంది బిడ్డా, పొద్దుగాల పోదురు తియ్యిర్రి" అని అమ్మ అంటే, "గంటల ఇంట్ల ఉంటం అత్తమ్మా, గీడికే గద" అన్నాడు బావ. ములుగు రోడ్డు మీద కెమెరాలు ఉంటాయని హెల్మెట్ పెట్టుకున్నాడు. అక్క పట్టుచీరలో, తల నిండా మల్లెపూలతో, బండి మీద ఒకవైపుకు కూర్చుంది. ఒళ్లో లడ్డూల డబ్బా, ఒక చేతిలో బట్టల సంచి. పట్టుకోవడానికి ఇంకొక చేయి మాత్రమే ఖాళీ. నేనే గేటు దాకా వచ్చి సాగనంపాను.

గూడెప్పాడ్ దాటి పరకాల రోడ్డు ఎక్కాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. రాత్రికి కుప్ప చేసి, పైన నల్ల పరదా కప్పి, చుట్టూ బండరాళ్లు పెట్టారు. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల పరదా ఎవరికి కనపడుతుంది? ఎదురుగా లారీ లైట్లు కళ్లల్లో కొట్టాయి. బావ పక్కకు తిప్పాడు. ముందు చక్రం రాయెక్కింది. బావ ఎగిరి వడ్ల మీద పడ్డాడు, అక్క వెనక్కి తారు రోడ్డు మీద పడింది. బావ హెల్మెట్ ఒకవైపు గీసుకుపోయి లోపలి తెల్లటి థర్మోకోల్ బయటపడింది. ఆయన నుదుటి మీద మాత్రం గీత కూడా లేదు. అక్క తల వెనక పగిలింది.

మిర్చి ఏరి వస్తున్న కూలీల ఆటో ఆగింది. ఆ ఆడవాళ్లు దిగి, అక్కను పడుకోబెట్టి, తమ తువ్వాలలు చుట్టి తీసుకొచ్చారు. పేర్లు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు, ఈ రోజుకీ వాళ్లకు దండం పెట్టుకుంటాం. (సాయం చేసినవాళ్లను పోలీసులు, ఆసుపత్రులు వేధించకుండా చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది. భయపడి ఆగకుండా పోయేవాళ్లు ఈ మాట తెలుసుకోవాలి.) మొదట వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కడితేనే స్కానింగ్ అన్నారు. మనిషి స్ట్రెచర్ మీద ఉంటే కౌంటర్ దగ్గర కార్డు ఉందా, క్యాషా అని అడుగుతున్నారు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

తలలో రక్తం గడ్డకట్టింది, ఆపరేషన్ చేయాలన్నారు. లోపలికి తీసుకెళ్లాక నర్సు వచ్చి, కత్తిరించిన జడను కవర్లో పెట్టి అమ్మ చేతికిచ్చింది. మల్లెపూలు అలాగే ఉన్నాయి. అమ్మ ఆ కవరు పట్టుకుని తెల్లారేదాకా ఐసీయూ బయట నేల మీదే కూర్చుంది. బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

అక్క బతికింది. కానీ వాసన తెలియదు. తలకు దెబ్బ తగిలితే వాసన నరాలు తెగిపోవచ్చని డాక్టరు చెప్పారు. పప్పు మాడినా తెలియదు, గ్యాస్ లీకైనా తెలియదు. పొయ్యి వెలిగించే ముందు పిల్లను పిలిచి వాసన చూడమంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట దొరక్క ఆగిపోతుంది. జాకెట్లు కుట్టి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చే మనిషి, ఇప్పుడు మిషన్ ముందు కూర్చుంటే తలనొప్పితో లేచిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఎవరి స్వేచ్ఛ ఉంది? "హెల్మెట్ పెట్టుకుంటావా" అని అక్కను ఎవరూ అడగలేదు. పెట్టుకోవద్దని ఆమె నిర్ణయించుకోనూ లేదు. ఇంట్లో ఉన్నది ఒకటే హెల్మెట్, బండితో పాటు షోరూంలో ఇచ్చింది. బండి అమ్మేటప్పుడు హెల్మెట్ ఇవ్వాలని నిబంధన ఉంది, కానీ ఒకటి. సీట్లు రెండు! రెండు హెల్మెట్లు ఇవ్వాలని కేంద్రం 2025 జూన్‌లో ముసాయిదా తెచ్చింది. ఆ ఆలోచన ముప్పై ఏళ్ల కిందే రావాల్సింది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మన దగ్గర వెనక కూర్చునేది ఎవరు? భార్య, తల్లి, చెల్లె, పిల్లలు. ఆ సీట్లో ఉన్నవాళ్ల తరఫున మాట్లాడటానికి చట్టం తప్ప ఇంకెవరున్నారు?

కార్లలోనూ అంతే. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో చనిపోయినప్పుడు ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారు. వెనక సీటుకూ బెల్టు నిబంధన అప్పటికే ఉందని చాలామందికి ఆ రోజే తెలిసింది. బెల్టు పెట్టకపోతే కారు మోగుతుందని, ఆ మోత ఆపడానికి క్లిప్పులు అమ్మారు మన దేశంలో. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించి వాటిని తీయించాల్సి వచ్చింది.

ప్రభుత్వాన్ని తిట్టాల్సిన చోట నేనూ తిడతాను. 2019 సవరణ చట్టం హెల్మెట్ లేకుంటే 1,000 రూపాయలు అంటే, మన తెలంగాణలో అమలు చేయలేదు. అప్పట్లో ఇక్కడ 100 రూపాయలు, పైన 35 ఛార్జీ. ఆ చలాన్లు పేరుకుపోతే 2022లో బైకులకు 75 శాతం, 2023 చివర్లో 80 శాతం మాఫీ ఇచ్చారు. ఫొటో తీసి ఇంటికి చలాన్ పంపితే తల కాపాడినట్టు కాదు. బండి ఆపి, వెనక ఆమెకేదీ అని అడిగే పోలీసు కావాలి నాకు.

వడ్ల విషయంలో రైతును ఒక్క మాట అనను. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, ఊళ్లో కల్లాలు లేవు, ఆయన ఎక్కడ ఆరబోయాలి? కల్లాలు కట్టించడం కూడా రోడ్డు భద్రతే. ఆ పని చేయరు, రోడ్డు పక్కన "నిదానమే ప్రధానం" అని బోర్డు పెడతారు.

ఇది చదివి ఇంట్లో ఆడవాళ్లకు హెల్మెట్ కొనేవాళ్లుంటే, రోడ్డు పక్కన కుప్పపోసి అమ్మేవి వద్దు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 (హెల్మెట్ల ప్రమాణం నంబరు) అని ఉండాలి. ఆమెను వెంట తీసుకుపోండి. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ పైకి లేస్తుంది, జడ కిందికి వేసుకుని పెట్టి చూడమనండి. పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ కూడా తలతో పాటే తిరగాలి. విడిగా తిరిగితే ఒక సైజు తక్కువది అడగండి.