హౌస్‌సర్జన్లను ఏమని అడుగుతావు?

చి. ల. సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ కళాశాల హౌస్‌సర్జన్లు, అంటే ఎంబీబీఎస్ చదువు ముగించి ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తున్న పిల్లలు, తమ శిక్షణ పట్ల ఎంత తృప్తిగా ఉన్నారన్నది నీ ఎం.డి. థీసిస్‌కు అంశంగా తీసుకున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. కమ్యూనిటీ మెడిసిన్‌లో నా దారినే వచ్చావన్న గర్వం, సరిగ్గా ఈ పనిలోనే నేను తప్పటడుగు వేశానన్న బెంగ రెండూ కలిసి రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, గైడు సంతకం, శాంపిల్ లెక్క నీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

1998లో నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. హౌస్‌సర్జన్‌షిప్ ముగించి సర్టిఫికెట్ కోసం వచ్చిన పిల్లల చేత ఒక ప్రశ్నపత్రం నింపించాను. పైన పేరు, కింద ఒక్కో విభాగానికి ‘చాలా తృప్తి’ మొదలుకొని అయిదు గళ్లు. ఇంచుమించు అందరూ మొదటి గడిలోనే టిక్కు పెట్టారు. ఆ అంకెలతో నివేదిక రాసి పెద్దల చేత భేష్ అనిపించుకున్నాను.

మరుసటి ఏడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే, అక్కడ మెడికల్ ఆఫీసరుగా ఆ బ్యాచ్ కుర్రాడే కనిపించాడు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, కరెంటు లేని ఒక రాత్రి, కాన్పయిన తల్లికి రక్తస్రావం ఆగలేదట. స్టాఫ్ నర్సు గర్భసంచిని మర్దన చేస్తూ, రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ మందు ఇస్తూ ఉంటే తాను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డానని తల దించుకుని చెప్పాడు. లేబర్ రూములో కాన్పులన్నీ పీజీ విద్యార్థులే చేసుకునేవారట. ఇతని వంతుకు రక్తపు శాంపిళ్లు ల్యాబుకు మోయడం, కేస్‌షీట్లు రాయడం మిగిలాయి. “మరి ఆ విభాగానికి చాలా తృప్తి అని ఎందుకు రాశావు నాయనా?” అని అడిగాను. “నా సర్టిఫికెట్ మీ బల్ల మీదే ఉంది కదా మేడమ్” అని నవ్వి, కాసేపాగి, “అయినా అబద్ధం రాయలేదు; నాకు ఏది రాదో అప్పటికి నాకే తెలియదు” అన్నాడు. ఆ తల్లి బతికింది. ఆ రాత్రి ఆ నర్సు సెలవులో ఉండి ఉంటే అన్న ఆలోచన మాత్రం నన్ను ఈనాటికీ వదలలేదు.

అందుచేత ‘తృప్తిగా ఉన్నావా’ అని అడిగి ఊరుకోకు. సొంత చేతులతో ఎన్ని కాన్పులు చేశారో, ఎన్ని గాయాలకు కుట్లు వేశారో అడిగి, బ్యాచ్ మొత్తం జవాబులను, చేసిన పనులు నమోదయ్యే లాగ్‌బుక్కులలోని సంతకాల మొత్తంతో పోల్చి చూడు. 2019లో చేరిన బ్యాచ్ నుంచి సామర్థ్యాల ఆధారంగా పాఠ్యప్రణాళిక మారింది. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనలు ఇంటర్న్‌షిప్‌లో ప్రసూతి విభాగానికి కుటుంబ సంక్షేమంతో కలిపి 7 వారాలు, మన విభాగానికి 12 వారాలు కేటాయించాయి. ఆ వారాలలో ఎన్ని నీట్ పీజీ ప్రవేశ పరీక్ష పుస్తకాల ముందు గడిచాయో కూడా అడగాలి. డ్యూటీకి రాకుండానే సంతకం దొరికినవాడు ఆ విభాగానికి అయిదుకు అయిదూ వేస్తాడు; అతని తృప్తి అంతా సెలవు మీదే.

పేర్లు రాయించవద్దు. క్లాసు ప్రతినిధి చేత వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పెట్టించి చేతులు దులుపుకుంటే నేను ఊరుకోను. నీ బద్ధకం నాకు తెలియనిది కాదు. ఏడాది క్రితం బయటికి వెళ్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేస్తున్నవారిని కూడా వెతికి పట్టుకో.

ఫలితాలు చూసి ఏ విభాగాధిపతికైనా కోపం వస్తే అది నీ పరీక్షల మీద పడుతుందేమోనన్నదే తల్లీ, నా అసలు భయం. అందుకే ప్రశ్నపత్రం విభాగాధిపతులందరికీ ముందే చూపించు. ఎవరైనా కాన్పుల ప్రశ్న తీసేయమంటే, తీయకముందు నాకు ఫోను చెయ్యి. ముసాయిదా తీసుకుని ఆదివారం భోజనానికి రా. కళ్లజోడు మార్చాను, చిన్న అక్షరాలైనా చదవగలను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ