క్రికెట్ డబ్బుతో ప్లాటు కొనాలా? రైల్వే ఉద్యోగంలో చేరాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 23 ఏళ్లు. వికెట్ కీపర్‌ని, మిడిలార్డర్‌లో బ్యాటింగ్ చేస్తాను. హైదరాబాద్ సీనియర్ మహిళల జట్టుకు ఆడుతున్నాను. 2025 నవంబరు వేలంలో మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) జట్టు ఒకటి నన్ను కనీస ధర 10 లక్షలకు తీసుకుంది. సీజనంతా బెంచీ మీదే ఉన్నాను. దేశవాళీ మ్యాచ్ ఫీజుల రూపంలో మరో మూడున్నర లక్షలు వచ్చాయి. పాత పొదుపుతో కలిపి ఖాతాలో 11 లక్షలు ఉన్నాయి. నాన్న ఆర్టీసీ డ్రైవర్, రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లు. అమ్మ బట్టలు కుడుతుంది. నా కోచింగ్ కోసం నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు అప్పు చేశారు. అమ్మ నగలు లక్షా 60 వేలకు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. మామునూరు దగ్గర 200 గజాల ప్లాటు 24 లక్షలకు వస్తుందని, మిగతాది లోను తీసుకుని కొనేయమని మా మేనమామ అంటున్నాడు. నాన్న స్నేహితుడు 20 లక్షల చిట్టీలో చేరమంటున్నారు. ఈమధ్యే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగానికి ఎంపికయ్యాను. చేరితే రైల్వేస్ జట్టుకే ఆడాలి, అక్కడ ఇప్పటికే ఇద్దరు కీపర్లు ఉన్నారు. ఎడమ చేతి ఉంగరపు వేలు రెండుసార్లు విరిగింది. పదో తరగతి పాసైనప్పుడు అమ్మ చేయించిన ఉంగరం ఇప్పుడు ఆ వేలికి పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగంలో చేరండి. ప్లాటు ఇప్పుడు వద్దు, చిట్టీ అసలే వద్దు. నాన్నగారి అప్పు ఈ వారమే తీర్చేయండి. మామయ్యకు, నాన్నగారి స్నేహితుడికి మీరు సమాధానం చెప్పుకోవాల్సి ఉంటుంది కాబట్టి ఎందుకంటున్నానో వివరంగా రాస్తున్నాను.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ ఉంగరం గురించి రాసిన మాట. మీ సంపాదన మొత్తం ఆ పది వేళ్ల మీద, రెండు మోకాళ్ల మీద ఆధారపడి ఉంది. యాభై ఓవర్ల ఇన్నింగ్సులో వైడ్లు, నోబాల్స్ వదిలేసినా కీపర్ 300 సార్లు గొంతుక్కూర్చుని లేవాలి. 2025 సెప్టెంబరులో విశాఖపట్నంలో జరిగిన భారత జట్టు శిక్షణ శిబిరంలో యస్తికా భాటియా ఎడమ మోకాలికి గాయమైంది. ఆమె స్థానంలో ఉమా ఛెత్రి జట్టులోకి వచ్చింది. ఆ నవంబరు 2న భారత్ తొలిసారి మహిళల వన్డే ప్రపంచ కప్ గెలిచినప్పుడు యస్తిక ఆడే పరిస్థితిలో లేదు. 2023లో మొట్టమొదటి డబ్ల్యూపీఎల్ మ్యాచ్‌లోనే గుజరాత్ కెప్టెన్ బెత్ మూనీ పిక్క కండరం దెబ్బతిని టోర్నీ మొత్తానికీ దూరమైంది. పాదం గాయంతో అలీసా హీలీ 2025 డబ్ల్యూపీఎల్ సీజను ఆడలేదు. ముగ్గురూ కీపర్లే. వీళ్లలో ఎవరి జాగ్రత్తలోనూ లోపం లేదు. మీరు ఎంచుకున్న పనిలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఇంకో సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. బౌలర్లయితే జట్టులో ఐదారుగురు ఆడతారు. గ్లోవ్స్ మాత్రం ఒక్కరి చేతికే. డబ్ల్యూపీఎల్‌లో ఉన్నవి ఐదు జట్లు, అంటే తుది జట్లలో ఐదుగురు కీపర్లు. అందులోనూ కొన్ని జట్లు విదేశీ కీపర్లను తీసుకుంటాయి. బెంగళూరుకు కీపర్‌గా రిచా ఘోష్ ఉంది, ఆమెను 2023 వేలంలోనే 1.90 కోట్లకు కొన్నారు. ఇక మీలాంటి అమ్మాయికి మిగిలేది మహా అయితే రెండు మూడు స్థానాలు. వచ్చే వేలానికి ముందు మీ జట్టు మిమ్మల్ని వదిలేసిందంటే 10 లక్షలు అక్కడితో ఆగిపోతాయి. అందుకని ఆ మొత్తాన్ని ఏటా వచ్చే ఆదాయంగా లెక్కలో వేయకండి. ఒక్కసారి వచ్చిన పంటగా చూడండి. మళ్లీ పండితే సంతోషం.

నిలకడగా వచ్చేది దేశవాళీ ఫీజే. అది ఈమధ్య బాగా పెరిగింది. 2025 డిసెంబరులో క్రికెట్ బోర్డు సీనియర్ మహిళల వన్డే, మల్టీడే మ్యాచ్‌లకు తుది జట్టులో ఉన్నవారి ఫీజును రోజుకు 20 వేల నుంచి 50 వేలు చేసింది. రిజర్వులకు 25 వేలు. టీ20కి తుది జట్టులో ఉంటే 25 వేలు, బెంచీ మీద ఉంటే 12,500. ఈ తేడాయే మీకు రైల్వే ఉద్యోగం విషయంలో సందేహం తెచ్చిపెట్టిందని నాకు అర్థమైంది. హైదరాబాద్‌లో తుది జట్టులో ఉంటారు, రైల్వేస్‌లో మూడో కీపర్ అవుతారేమోనని భయం.

ఆ భయాన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. ఏడాదికి ఆరు వన్డేలు, ఆరు టీ20లు ఆడారనుకుందాం. తుది జట్టులో ఉంటే నాలుగున్నర లక్షలు. అన్నిటికీ బెంచీ మీదే కూర్చున్నా రెండు లక్షల పాతికవేలు. జట్టులోకే తీసుకోకపోతే సున్నా. అంటే అన్నిటికంటే చెడ్డ ఏడాదిలో మీకు వచ్చే నష్టం నాలుగున్నర లక్షలు. రైల్వేలో మీకు చెప్పిన మూలవేతనం 21,700 అయితే కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలిపి, కోతలన్నీ పోను నెలకు 35 వేలకు తగ్గదు. ఏడాదికి నాలుగు లక్షల పైమాట. నష్టం దాదాపు అక్కడే పూడిపోయింది. పైగా ఆ జీతం మీ వేలు విరిగినా వస్తుంది, ఫామ్ పోయినా వస్తుంది, పెళ్లయి పిల్లలు పుట్టి ఏడాది ఆటకు దూరంగా ఉన్నా వస్తుంది. కుటుంబానికి రైల్వే ఆసుపత్రి సదుపాయం, తర్వాత పెన్షన్ ఉంటాయి. ఇలాంటి భద్రత బయట కొనాలంటే ఏ బీమా కంపెనీ దగ్గరా దొరకదు.

మన దేశంలో మహిళల క్రికెట్‌కు డబ్బే లేని రోజుల్లో ఆటను బతికించింది రైల్వే జీతమే. మిథాలీ రాజ్ రైల్వే ఉద్యోగం చేస్తూనే ఆడింది. తెలుగామె జి.ఎస్. లక్ష్మి కూడా దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం చేస్తూ ఆడింది. ఆట ముగిశాక రిఫరీగా మారి, 2019లో ఐసీసీ నియమించిన తొలి మహిళా మ్యాచ్ రిఫరీ అయింది. ఆటలో మీకున్నది మహా అయితే మరో పదేళ్లు. ఆ తర్వాత ఇంకో పాతికేళ్లకు పైగా ఉద్యోగం ఉంటుంది. అందుకే మధ్యలో వదిలేసిన డిగ్రీ ఏదైనా ఉంటే కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలో అయినా పూర్తి చేయండి, రేపు ప్రమోషన్లకు అక్కరకొస్తుంది. చేరే ముందు రెండు విషయాలు మాత్రం అధికారులను రాతపూర్వకంగా అడగండి. డబ్ల్యూపీఎల్ ఆడేందుకు అనుమతి, సెలవు ఎలా ఇస్తారు? ఆ పారితోషికం పూర్తిగా మీకే ఉంటుందా? నోటిమాటతో సరిపెట్టుకోవద్దు.

ప్రపంచ స్థాయిలో గెలిస్తే ప్రభుత్వమే చూసుకుంటుంది కదా అని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. నిజమే, పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిస్తే కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించారు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ డీఎస్పీ అయింది. భద్రాచలం త్రిషకు 2025లో అండర్-19 ప్రపంచ కప్ తర్వాత కోటి ప్రకటించారు. వాళ్లను చూసి నేనూ గర్వపడతాను. మీకూ ఆ రోజు రావాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ ఇంటి బడ్జెట్‌ను పతకం మీద వేయలేం.

ఇక ప్లాటు. ఈ విషయంలో నా మాట కాస్త కటువుగా ఉంటుంది. మా నాన్న పనిచేసిన మిల్లు మూతపడినప్పుడు ఒకేసారి చేతికొచ్చిన డబ్బంతా తీసుకెళ్లి ప్లాటు మీద పెట్టారు. దాన్ని అమ్మిన మనిషి అదే స్థలాన్ని అంతకుముందే ఇంకొకరికి రిజిస్టర్ చేసి ఉన్నాడు. కోర్టు వాయిదాలకు నాన్న వెంట నేనూ వెళ్లేవాణ్ని. గోనె సంచిలో కాగితాలు, భోజనం క్యారియర్ పట్టుకుని మెట్ల మీద కూర్చున్న ఆయన ముఖం నాకింకా గుర్తుంది. డబ్బు విషయాల్లో సలహాలిచ్చే ఈ వృత్తిలోకి నేను రావడానికి కారణం అదే.

మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. ఆ వార్త అమ్మేవాళ్లకూ తెలుసు, దాని విలువ కలుపుకునే మీకు గజం 12 వేలు చెబుతున్నారు. మీ దగ్గరున్న 11 లక్షలూ పెట్టి, మిగతా 13 లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 16,500 వాయిదా. ఖాళీ ప్లాటు అద్దె తేదు. మోకాలి ఆపరేషన్‌కు డబ్బు కావలసివచ్చిన నెలలో అందులోంచి పది గజాలు అమ్ముకోలేరు. పెళ్లి మాటలప్పుడు అమ్మాయి పేరున ప్లాటు ఉంటే బాగుంటుందన్న ఆలోచన కూడా మామయ్యకు ఉండవచ్చు. ఆ ప్రేమను కాదనను. రైల్వేలో ఉద్యోగం స్థిరపడి, ఏడాది ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకున్నాక కొనండి. అప్పుడైనా పట్టణాభివృద్ధి సంస్థ ‘కుడా’ అనుమతి, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ‘రెరా’లో నమోదు, ఆ స్థలం ఎవరెవరి చేతులు మారిందో చూపే ముప్పై ఏళ్ల ఈసీ చూడకుండా బయానా ఇవ్వకండి.

చిట్టీ గురించి రెండు ముక్కలే. 20 లక్షల చిట్టీ నలభై నెలలైతే నెలకు దాదాపు 50 వేలు కట్టాలి. మీకు డబ్బు సీజనులో గుత్తగా వస్తుంది, మిగతా నెలల్లో రాదు. కిస్తీ ప్రతి నెలా అడుగుతుంది. పాడుకున్నాక జామీనుదారులు కావాలి, వాళ్ల కోసం నాన్నగారు డిపోలో తోటి ఉద్యోగుల ముందు నిలబడాలి. చిట్టీ కాలం ముగిసినా డబ్బు రాక ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవాళ్లు హనుమకొండలో నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. మీరు ఆ వరసలో చేరవద్దు.

ఇప్పుడు ఆ 11 లక్షలు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షల మీద ఏటా 72 వేలు వడ్డీకే పోతున్నాయి. అంత రాబడి హామీగా ఇచ్చే పెట్టుబడి ఎక్కడా లేదు, అందుకే ముందు అది. ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని నాన్నగారి చేతులతోనే చింపించండి. తర్వాత అమ్మ నగలు. రెండూ కలిపి 4 లక్షల 60 వేలు. మిగిలిన 6 లక్షల 40 వేలలో ఏడాది ఖర్చులకు, మీ శిక్షణ, ఫిజియోతో కలిపి నెలకు 35 వేల లెక్కన 4 లక్షల 20 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. ఒకే డిపాజిట్ కాకుండా 70 వేల చొప్పున ఆరు వేస్తే అవసరానికి ఒకటే విరుచుకోవచ్చు. మిగిలేది 2 లక్షల 20 వేలు. ఇందులోంచి ముందు బీమా ప్రీమియాలు, ఆ తర్వాత షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 10 వేల చొప్పున సిప్. ఉద్యోగం మొదలయ్యాక సిప్‌ను జీతంలోంచి నడపండి. క్రికెట్ డబ్బు వచ్చినప్పుడల్లా దాన్ని వేరే ఖాతాలో ఉంచండి.

బీమాలో ఒక మెలిక ఉంది, దయచేసి శ్రద్ధగా చదవండి. వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీల్లో చాలావాటికి వృత్తిగా ఆడే క్రీడల్లో తగిలిన గాయాలు వర్తించవు. ఏజెంటు దరఖాస్తులో వృత్తి దగ్గర విద్యార్థి అనో, ప్రైవేటు ఉద్యోగం అనో రాసేస్తే రేపు క్లెయిం తిరస్కరిస్తారు. క్రికెటర్ అని రాయించి, ఆటలో గాయాలకు వర్తిస్తుందని రాతలో ఉంటేనే కట్టండి. వేలికి గతంలో అయిన రెండు విరుగుళ్లు కూడా ఆరోగ్య బీమా దరఖాస్తులో చెప్పండి. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడే రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాల మీద జీఎస్టీ లేదు.

పన్ను దగ్గర మీకు తెలియకుండా డబ్బు పోతున్నట్టుంది. 2025-26లో మీ ఆదాయం 13 లక్షల 50 వేలు. కొత్త విధానంలో పన్ను, సెస్సు కలిపి 85,800 అవుతుంది. అయితే ఇది వృత్తి ఆదాయం కాబట్టి ఆట కోసం పెట్టిన ఖర్చు తీసేయవచ్చు. బ్యాట్లు, కీపింగ్ ప్యాడ్లు, గ్లోవ్స్, వ్యక్తిగత కోచ్ ఫీజు, ఫిజియో, జిమ్, సొంత డబ్బుతో చేసిన ప్రయాణాలు అన్నీ కలిపి నిజంగా లక్షన్నర ఉంటే, బిల్లులు ఉంటే, పన్ను విధించే ఆదాయం 12 లక్షలకు దిగి పన్ను సున్నా అవుతుంది. మీకు చెల్లించేటప్పుడే టీడీఎస్‌గా కోత పెట్టిన పది శాతం, అంటే లక్షా 35 వేలు, రిటర్ను వేస్తే వెనక్కి వస్తాయి. డాక్టర్లు, లాయర్ల మాదిరిగా బిల్లులు లేకుండా సగం ఆదాయమే లాభంగా చూపే వెసులుబాటు క్రీడాకారులకు లేదు. కొందరు అలా వేసి నోటీసులు తెచ్చుకున్నారు, మీరు అలా వేయించకండి.

ఈ రోజే అట్టపెట్టె ఒకటి తీసుకుని ఇంట్లో ఉన్న బిల్లులన్నీ అందులో వేయండి. ఫోనులో చెల్లించినవాటికి స్టేట్‌మెంటు తీయండి. మంచి ఆడిటరును పట్టుకోండి, ఫీజు పది వేలైనా వెనకాడవద్దు. ఇంకో మాట అమ్మా. నగలు విడిపించడానికి బ్యాంకుకు వెళ్లేటప్పుడు అమ్మను వెంట తీసుకెళ్లండి. వచ్చేదారిలో కంసాలి దగ్గర ఆగి ఆ ఉంగరాన్ని కుడి చేతి వేలికి సరిపడేలా పెద్దది చేయించండి.