ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చేరబోయే మా సుధకి

శ్రీకాకుళం

చిరంజీవి సుధకి పెదనాన్న ఆశీస్సులు.

ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కి ఏమేం కావాలో రాయమన్నావు. సీటుకి కావలసింది సైన్సు డిగ్రీ, ఎంట్రన్స్ ర్యాంకు. ఆంధ్రా యూనివర్సిటీలాంటి మన రాష్ట్రంవాటికి పీజీసెట్, పాండిచ్చేరిలాంటి కేంద్ర విశ్వవిద్యాలయాలకి సీయూఈటీ పీజీ. డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఆ ఏటి నోటిఫికేషన్ నువ్వే కూర్చుని చదువు, ఎవరో చెప్పారని దరఖాస్తు పెట్టకు.

చేరాక కావలసింది వేరమ్మా. డిగ్రీలో అందరితోపాటు పర్యావరణం పేపరు నువ్వూ రాశావు. 1991లో సుప్రీంకోర్టు ఆదేశించబట్టే అది అన్ని కోర్సుల్లోకీ వచ్చింది. ఎమ్మెస్సీ కూడా అలాంటిదే అనుకుని చేరినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే తడబడతారు. ఇక్కడ కెమిస్ట్రీ కావాలి, స్టాటిస్టిక్స్ మరీ కావాలి. ఈ వేసవిలో కెమిస్ట్రీలోని నార్మాలిటీ లెక్కలు, అంటే ద్రావణం గాఢత లెక్కలు, చూడకుండా చేసేదాకా సాధన చెయ్యి.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవాలనుకో. నాగావళి ఒడ్డున సీసా నింపి, ఇంటికి తెచ్చి రేపు చూద్దామంటే ఆ అంకెకి విలువ లేదు. బుడగ చిక్కకుండా నింపి, ఆక్సిజన్ మారిపోకుండా అక్కడికక్కడే మాంగనస్ సల్ఫేటు, ఆల్కలైన్ అయొడైడు వెయ్యాలి. టైట్రేషన్, అంటే చుక్కచుక్కగా ద్రావణం కలిపి కొలవడం, తర్వాత ల్యాబులో చేసుకోవచ్చు. బీఓడీకి, అంటే నీళ్లలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలతకి, చాలా పుస్తకాల్లో 20 డిగ్రీల దగ్గర 5 రోజులని ఉంటుంది, మన దేశ ప్రమాణం 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. ఏ పద్ధతిలో చేశావో రికార్డులో రాయకపోతే నీ ఫలితాన్ని ఎవరి ఫలితంతోనూ పోల్చలేం.

ప్రాజెక్టు ఉద్దానం కిడ్నీ జబ్బు మీద చేస్తానన్నావు. నీ తపన నాకు అర్థమైంది. కానీ దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, ఒక్క సెమిస్టర్‌లో నువ్వు తేల్చలేవు. ఒక ఊరు తీసుకో, ఆ ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడు, సిలికా వానలకి ముందూ తర్వాతా కొలువు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. వచ్చిన అంకెలు ఉన్నవున్నట్టు రాయి, కారణం కనిపెట్టానని మాత్రం రాయకు. ఆ ఊళ్లవాళ్లు అలాంటి మాటలు చాలా విన్నారు.

నీ బోటనీకి సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేల, ఇంకా బాగా కుదురుతుందని నా అభిప్రాయం. ఆ బీలలో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ ఏయే మొక్కలు ఏ నెలలో ఉంటాయో ఓపిగ్గా నమోదు చేస్తే రేపు ఇంకొకరికి పనికొస్తుంది.

మార్కులు 55 శాతానికి తగ్గనివ్వకు. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలన్నా పీహెచ్‌డీలో చేరాలన్నా గీత అదే, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 50. ఇంకో మాట, మీ నాన్నకి కూడా చెప్పు: కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరు పోస్టుకి ఇంజనీరింగు డిగ్రీ అడుగుతారు, ఈ ఎమ్మెస్సీ సరిపోదు. ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుని చేరేమాటైతే ఇప్పుడే మనం కూర్చుని మాట్లాడుకోవాలి. ఆదివారం రా, పీజీసెట్ పాత ప్రశ్నపత్రాలు కూడా పట్టుకురా.

మీ పెదనాన్న