చేతికందే దూరంలో పాట: బల్ల మీది చిన్న స్పీకర్లపై మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చూస్తే అందరికీ ఒకే బెంగ పట్టుకున్నట్టుంది. కంప్యూటర్ పక్కన పెట్టుకోవడానికి తక్కువ ధరలో మంచి స్పీకర్లు ఏవి అని. కడపలో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే అంగడి నాది. స్పీకర్లను విప్పి చూడటం నా రోజువారీ పని కాబట్టి డబ్బా మీద రాసేదానికీ లోపల ఉండేదానికీ ఎంత తేడానో బాగా తెలుసు. తెలిసినంత వరకు చెబుతాను.

ప్రశ్న: అన్నా, నేను డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. రూములో ల్యాప్‌టాప్‌లో క్లాసులు వింటాను, రాత్రి కాసేపు పాటలు. ల్యాప్‌టాప్ స్పీకర్‌లో మాట స్పష్టంగా లేదు. రోజంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే చెవులు నొప్పి. రెండు వేలు పెట్టగలను. ఒక అంగట్లో "1200 వాట్స్" అని రాసిన డబ్బా చూపించారు. ఇంకో చోట లాజిటెక్ జెడ్120 చూస్తే 1.2 వాట్లు అని ఉంది. ఇంత తేడా ఏమిటి? (ఒక అభ్యర్థి, కర్నూలు)

జవాబు: నాయనా, ఆ 1200 పక్కనే చిన్న అక్షరాలతో పీఎంపీఓ అని ఉంటుంది, మళ్లీ వెళ్లినప్పుడు చూడు. రెప్పపాటులో వచ్చే ఏదో గరిష్ఠాన్ని లెక్కగట్టి వేసే అంకె అది. దానికి అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఏ కంపెనీకి తోచినంత ఆ కంపెనీ వేసుకుంటుంది. స్పీకర్ నిలకడగా ఎంత పవర్ ఇస్తుందో చెప్పేది ఆర్ఎంఎస్ అంకె. నువ్వు చూసిన 1.2 అదే. డబ్బా మీద ఎక్కడా ఆర్ఎంఎస్ అన్న మాట లేకపోతే ఆ డబ్బా అక్కడే పెట్టేసి రా.

అంగట్లో నిలబడే వేసుకోగల లెక్క ఇంకొకటి ఉంది. ఆ స్పీకర్లకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూడు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. పోర్టులోంచి రాని పవర్ స్పీకర్‌లోంచి ఎలా వస్తుంది? అడాప్టర్‌తో నడిచేదైతే దాని మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. రెండూ గుణించు. ఆ వచ్చిన వాట్లను దాటి ఆ స్పీకర్లు నిలకడగా మోగలేవు.

ఒక వాట్ చాలదేమో అని టెన్షన్ పడొద్దు. చిన్న స్పీకర్‌కు ఒక వాట్ ఇస్తే మీటర్ దూరంలో సుమారు 80 డెసిబెల్స్ శబ్దం వస్తుంది. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే 60 దగ్గర ఉంటుంది. ఆ 60కి వాట్‌లో నూరో వంతు సరిపోతుంది. పైగా నువ్వు కూర్చునేది మీటర్ కంటే దగ్గరే. దూరం సగమైతే 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. అదే పెరుగుదల ఆంప్లిఫయర్ నుంచి రావాలంటే పవర్ నాలుగింతలు కావాలి.

కాబట్టి వాట్ల సంగతి వదిలేసి మాట సంగతి చూడు. అంగట్లో నీ ఫోన్ తగిలించి తెలుగు వార్తలు పెట్టు. పాటలు పెట్టొద్దు, వాయిద్యాల హోరులో లోపాలు కనబడవు. వార్తలు చదివేవారి శ, ష, స మూడూ విడివిడిగా వినిపించాలి. నాసిరకం స్పీకర్‌లో మూడూ కలిసి ఒకే బుస్సు శబ్దం అవుతాయి, లేదా అసలు మింగేస్తుంది. తర్వాత వాల్యూమ్ బాగా తగ్గించి, ఎడమా కుడీ సమానంగా వస్తున్నాయో లేదో గమనించు. చవక వాల్యూమ్ కంట్రోళ్లు కింది చివర ఒక పక్కకు లాగేస్తాయి. రాత్రి చిన్నగా వినేవాడివి కాబట్టి నీకిది ముఖ్యం. ఇంటికి తెచ్చాక ఈ లోపం బయటపడితే స్పీకర్ నాబ్ సగానికి పైన ఉంచి, ల్యాప్‌టాప్‌లో తగ్గించుకుంటే సర్దుకుంటుంది.

క్లాసులకు మాత్రమే అయితే ఆ జెడ్120 సరిపోతుంది. పాటలు కూడా వింటానన్నావు కాబట్టి, నీ రెండు వేలల్లో దొరికితే నా ఓటు క్రియేటివ్ పెబుల్‌కు. దానిలో స్పీకర్ 45 డిగ్రీలు పైకి తిరిగి ఉంటుంది. చిన్న స్పీకర్లను బల్ల మీద పెట్టినప్పుడు శబ్దం మన ఛాతీ వైపు పోయి చెవికి సూటిగా చేరదు. ఈ వాలు ఆ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. పాత కచేరీల రికార్డింగులు, ముఖ్యంగా గాత్రం, కంప్యూటర్‌లో వింటుంటాను. పది వేల వరకు పెట్టగలను. తంబుర శ్రుతి నిండుగా వినాలంటే అడుగు ధ్వనుల కోసం విడిగా సబ్ వూఫర్ పెట్టె ఉన్న 2.1 సెట్ కావాల్సిందేనని మా అబ్బాయి అంటాడు. స్పీకర్లు గోడలోని కడప బండల అలమరలో పెట్టవచ్చా? (ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు)

జవాబు: అయ్యవారూ, ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే. మీ అబ్బాయి చెప్పింది సినిమా పాటలకైతే కొంత నిజం. మీరు వినే సంగీతానికి కాదు.

ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడి ఆధార షడ్జం 138 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తంబురలో మంద్ర షడ్జం తీగ దాంట్లో సగం, అంటే 69. చిన్న స్పీకర్లు 69 దాకా దిగలేవన్నది నిజమే. అయితే తంబుర నిండుదనం ఆ ఒక్క 69లో లేదు. తీగలు ఆనే బ్రిడ్జి మీద తీగ కింద దారం సర్ది జీవాళి పట్టినప్పుడు, ఆ తీగ నుంచే 138, 207, 276, 345 ఇలా మెట్లు మెట్లుగా పై ధ్వనులు పుడతాయి. అడుగున ఉన్న 69 బలంగా లేకపోయినా, ఈ పై వరుసను బట్టి మన చెవి దాన్ని తనే పూరించుకుంటుంది. 69తో మొదలుపెట్టి లెక్కిస్తే ఐదోది, ఆ 345 దగ్గరిది, అంతర గాంధారం. చక్కగా శ్రుతి చేసిన తంబురలో ఎవరూ మీటకుండానే పలికే స్వయంభూ గాంధారం అదే.

మీకు స్పీకర్ పరీక్ష కూడా ఇదే. వెళ్లేటప్పుడు తంబుర మాత్రమే ఉన్న రికార్డింగ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో పట్టుకెళ్లండి. కళ్లు మూసుకుని రెండు మూడు నిమిషాలు వినండి. గాంధారం తేలుతూ పైకి వస్తుంటే ఆ స్పీకర్ మీకు పనికొస్తుంది. జుమ్మని ఒకే మోత తప్ప ఏమీ విడిపడకపోతే, ఎంత పెద్ద సబ్ వూఫర్ ఉన్నా వద్దు.

చవక 2.1 సెట్లతో ఇంకో చిక్కు ఉంది. పైన పెట్టే రెండు పెట్టెలూ మరీ చిన్నవి. 150, 200 హెర్ట్జ్ కిందిదంతా సబ్ వూఫర్‌కు తోసేస్తాయి. మగవారి గొంతు అడుగు భాగం ఉండేది సరిగ్గా అక్కడే. దాంతో సగం గొంతు బల్ల మీద, సగం గొంతు బల్ల కింద పలుకుతుంది. గాత్రం వినేవారికి ఇంతకంటే బాధ లేదు.

అడుగు ధ్వనులకు నాలుగంగుళాల వూఫర్, సన్న ధ్వనులకు పైన విడిగా ట్వీటర్ ఉన్న రెండు పెట్టెల సెట్ తీసుకోండి. ఎడిఫయర్ ఆర్1280టీ అలాంటిదే. నాలుగంగుళాల వూఫర్, 13 మిల్లీమీటర్ల సిల్క్ డోమ్ ట్వీటర్, రెండూ కలిపి 42 వాట్లు ఆర్ఎంఎస్. బాస్, ట్రెబుల్ నాబ్‌లు పక్కనే ఉంటాయి కాబట్టి పాత రికార్డింగుల్లో బుసబుస ఉంటే ట్రెబుల్ కాస్త తగ్గించుకోవచ్చు. ధరలు మారుతుంటాయి, మీ పది వేలల్లోకి వచ్చినప్పుడు పట్టేయండి. మృదంగంలో ఎడమ చేతి గుమ్కీ కూడా దీంట్లో మర్యాదగా వినిపిస్తుంది.

అలమర మాత్రం వద్దు. పైన బండ, కింద బండ, వెనక గోడ. స్పీకర్‌ను అందులో పెడితే బాస్ అంతా అక్కడే ఊదరకొట్టి మాట మసకబారుతుంది. మన ఇళ్లలో నేల నాపరాయి, గోడలు సున్నం, ఎటు చూసినా శబ్దాన్ని తిప్పికొట్టేవే. బల్ల మీదే పెట్టి, గోడకు ఒక జానెడైనా ఎడం ఉంచండి. రెండు స్పీకర్ల మధ్య దూరం ఎంతో, ఒక్కోదాని నుంచి మీ తలకు దూరం కూడా అంతే ఉండాలి. ట్వీటర్ చెవి ఎత్తుకు రావాలి. అలమర కోసం తెచ్చిన కడప బండ ముక్కలు మిగిలి ఉంటే, రెండు చిన్న ముక్కలు కోయించి, కింద రబ్బరు ముక్కలు వేసి, వాటి మీద స్పీకర్లు నిలబెట్టండి. బండ బరువుకు పెట్టె కదలదు, రబ్బరు వల్ల బల్ల అదరదు.

ప్రశ్న: ఇంటి నుంచి ఆన్‌లైన్ ట్యూషన్లు చెబుతాను. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మని శబ్దం. ఛార్జర్ తీస్తే పోతుంది. స్పీకర్లు మార్చాలా? (ఒక టీచరు, అనంతపురం)

జవాబు: అమ్మా, స్పీకర్లు మార్చక్కర్లేదు. ఛార్జర్‌కూ స్పీకర్లకూ ఎర్తు రెండు దారుల్లో కలిసినప్పుడు ఆ రెండు దారుల మధ్య కరెంటు తిరిగి ఈ మోత పుడుతుంది. ముందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టి చూడండి. చాలాసార్లు అక్కడితో పోతుంది. పోకపోతే, ల్యాప్‌టాప్ నుంచి స్పీకర్‌కు వెళ్లే 3.5 ఎంఎం వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరం పెట్టండి. కొన్ని వందల్లో దొరుకుతుంది. ఛార్జర్ మూడో పిన్ను విరిచేస్తే మోత పోతుందని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే. మీ ఇంట్లో సాకెట్‌కు ఎర్తు అసలు పని చేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి.

ప్రశ్న: బ్లూటూత్ స్పీకర్ కొంటే వైర్ల గొడవ ఉండదు కదా? (ఒక పాఠకురాలు, ఆదోని)

జవాబు: పాటలు వినడానికే అయితే హాయిగా కొనండి. వీడియో ఎడిటింగ్ చేసినా, కీబోర్డు వాయించినా వద్దు. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యంగా వస్తుంది. ఇంకో మాట, ఒకే పెట్టెలో రెండు స్పీకర్లు ఇరికించిన దాంట్లో ఎడమా కుడీ విడిపోవు. వైరు పెట్టుకునే వీలు కూడా ఉన్నది చూసి తీసుకుంటే రెండు విధాలా పనికొస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో పాత మినీ సిస్టమ్ పాడైపోయింది. దాని రెండు స్పీకర్ పెట్టెలు బాగానే ఉన్నట్టున్నాయి. కంప్యూటర్‌కు వాడుకోవచ్చా? (ఒక పాఠకుడు, తాడిపత్రి)

జవాబు: తప్పకుండా వాడుకోవచ్చు. డబ్బు లేనివారికి నేను ముందు చెప్పే దారి ఇదే. ఆ రోజుల మినీ సిస్టమ్ పెట్టెల్లో చెక్క బరువు, స్పీకర్ సైజు ఇప్పుడు మూడు వేలకు దొరికే సెట్లలో రావు.

ముందు ముందరి బట్ట జాలీ తీసి, కోన్ చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా నొక్కండి. రబ్బరు అంచైతే మెత్తగా లోపలికి వెళ్లి మళ్లీ వస్తుంది. ఫోమ్ అంచైతే మన ఎండలకు పొడిబారి, వేలికి నల్లటి పొడి అంటుకుంటుంది. కొన్నిచోట్ల అప్పటికే చినిగి ఉంటుంది. అంచు ఒక్కటే పోతే కొత్తది అంటించవచ్చు, స్పీకర్ పారేయనక్కర్లేదు. తర్వాత కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమానంగా నొక్కి వదలండి. లోపల గరగరమని రాసుకుంటే కాయిల్ వంగినట్టు, ఆ పెట్టె వదిలేయండి.

పెట్టె వెనక ఓమ్స్ ఎంతో రాసి ఉంటుంది. 4, 6, 8 ఏదైనా ఫర్వాలేదు. 4 కంటే తక్కువుంటే మాత్రం చిన్న ఆంప్లిఫయర్‌కు భారం. 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే క్లాస్-డి (కరెంటు వృథా తక్కువగా ఉండే రకం) చిన్న ఆంప్లిఫయర్ ఒకటి తీసుకుంటే చాలు. అడాప్టర్ మాత్రం చవకది కొనకండి. రెండు మూడు ఆంపియర్లది, పేరున్న కంపెనీది తీసుకోండి.

వైర్లు కలిపేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. గుర్తులు చెరిగిపోయి ఉంటే ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్ తీసుకుని స్పీకర్ వైర్లకు ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి ఉబికితే సెల్ ప్లస్ తగిలిన వైరే స్పీకర్ ప్లస్. లోపలికి పోతే రెండోది ప్లస్. రెండు పెట్టెలకూ ఇలాగే చూసి గుర్తు పెట్టుకోండి. ఒక పెట్టె తిరగబడితే బాస్ మాయమైపోతుంది, గొంతు మధ్యలో నిలవకుండా గదంతా తిరుగుతుంది. చాలామంది ఆ స్థితిలో స్పీకర్లు పాడయ్యాయనుకుని నా అంగడికి మోసుకొస్తారు. ఒక పెట్టె వైర్లు అటుదిటు మార్చి ఇచ్చేస్తాను, దానికి డబ్బులు తీసుకోను.