హాల్లో కూర్చోకుండా రాయకు

తిరుపతి

చిరంజీవికి,

నీ కథనం చదివాను. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకుని పరిహారం కోసం తిరుగుతున్న ఆ తల్లి కోర్టు వరండాలో లాయరును పట్టుకుని "ఈసారి కూడా పిల్లోడి బడి సర్టిఫికెట్టు తేవాల్నా సార్" అని అడిగిన చోట ఆగిపోయాను. అది నువ్వు చెవులారా విన్నమాట. మిగతాదంతా ఎవరో చెప్పింది.

"ట్రిబ్యునల్ విచారణకు మీడియాను అనుమతించలేదు" అని రాశావే, ఆ వాక్యం దగ్గర కోపం వచ్చింది. ఎవరు అనుమతించలేదమ్మా? గుమ్మం దగ్గర అటెండరు "ప్రెస్సోళ్లు లోపలికి రాగూడదు" అన్నాడని కింద నువ్వే రాశావు. నువ్వు వెనక్కి తిరిగి క్యాంటీన్‌లో లాయరు చెప్పింది రాసుకుని, దానికి "విశ్వసనీయ వర్గాల సమాచారం" అని పేరు పెట్టావు. మహాద్వారం దగ్గరే ఆగిపోయి దర్శనం ఎట్లా జరిగిందో చెప్పినట్టుంది.

ట్రిబ్యునల్ అనే పేరు చూసి జంకినట్టున్నావు. నువ్వు వెళ్లింది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. 1988 మోటారు వాహనాల చట్టం కింద పరిహారం తేల్చే చోటు. మన దగ్గర అది కోర్టు హాల్లోనే, జిల్లా జడ్జి స్థాయి వాళ్ల ముందే నడుస్తుంది. ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితాలో, అంటే కాజ్ లిస్టులో, ఎం.వి.ఓ.పి. అని కనిపించేవి ఆ కేసులే. వెనక బెంచీలో ఫోను ఆపుకుని కూర్చోవడానికి ప్రెస్ కార్డు కూడా అక్కర్లేదు.

1966లో మిరాజ్కర్ కేసు వచ్చింది. బొంబాయి హైకోర్టులో ఒక సాక్షి వ్యాపారం దెబ్బతింటుందంటే, అతని సాక్ష్యం పత్రికల్లో రాకూడదని జడ్జి నోటిమాటగా ఆదేశించాడు. విలేకరి మిరాజ్కర్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. తొమ్మిది మంది జడ్జీలు విన్నారు. విలేకరి ఓడిపోయాడు గానీ, విచారణ బహిరంగంగా జరగడమే నియమమనీ, మూయడం అరుదుగా, న్యాయం కోసమే అనీ ఆ తీర్పులోనే ఉంది. అక్కడ ఆపింది జడ్జి. నిన్ను ఆపింది అటెండరు. ఈసారి అట్లా అంటే "జడ్జిగారి ఆర్డరు ఉందా అన్నా?" అని మెల్లగా అడుగు. నిజంగా ఉంటే ఆ ఆర్డరే నీకు వార్త.

నిజంగా మూయాల్సిన తలుపులూ ఉన్నాయి. ఫ్యామిలీ కోర్టులో భార్యాభర్తల్లో ఒకరు కోరినా చాలు, బయటికి రావాలి. పిల్లల మీద లైంగిక నేరాల కేసు, అంటే పోక్సో కేసైతే పిల్లల పేరు, ఊరు, బడి ఏదీ రాయకూడదు. అక్కడ మీడియా స్వేచ్ఛ అని గొడవ పెట్టుకోకు.

ఇప్పుడు నువ్వు పోగొట్టుకున్నది చెప్తాను. ఆమె భర్త మామిడికాయల లారీ మీద క్లీనరు. జీతం స్లిప్పు ఉండదు. నెలకు ఎంత సంపాదించేవాడు అన్నదే ఈ కేసులో అసలు తగాదా. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో ఏడాది సంపాదనను ఎన్ని రెట్లు చేయాలో చనిపోయినవాడి వయసును బట్టి గుణకాలు పెట్టింది. ముప్పై ఒకటి నుంచి ముప్పై ఐదు మధ్య వాడైతే 16. అంటే నెల సంపాదనలో వెయ్యి రూపాయలు తగ్గిస్తే, పన్నెండు నెలలు, పదహారు రెట్లు: అతని సొంత ఖర్చుల కింద కోత వేయకముందే 1,92,000 రూపాయలు. ఇన్సూరెన్స్ లాయరు ఎదురు ప్రశ్నలు వేసే క్రాస్‌లో "మీ ఆయన రోజూ పనికి పోయేవాడు కాదు కదా?" అని ఒక్క ప్రశ్న వేసి ఆ డబ్బు కోసేయొచ్చు. దానికి ఆమె ఏం చెప్పింది? నీ కథనంలో లేదు. "భారీ పరిహారం కోసం పోరాటం" అని మాత్రం ఉంది. ఆ భారీ ఎంత?

నేను చిత్తూరులో లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్లకు లెక్కగట్టి ఇచ్చే డబ్బుకు రాసిన రోజుల్లో ఒక క్వారీ కేసులో మధ్యంతర ఉత్తర్వు వచ్చిందని పంపితే, డెస్కులో ఒక మహానుభావుడు దాన్ని "సంచలన తీర్పు" చేశాడు. మరుసటి రోజు హాల్లో లాయర్లు నన్ను చూసి నవ్వారు. బెంచి క్లర్కు చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు, గోడకు అంటించిన కాజ్ లిస్టు చూసి వాయిదాలు రాసుకునేవాణ్ని. ఆ మహానుభావుడికి తర్వాత ప్రమోషన్ కూడా వచ్చింది. ఇప్పుడు స్క్రోలింగుల కాలం, తీర్పుకూ వాయిదాకూ తేడా అడిగేవాడే లేడు. మన హంద్రీ-నీవా, గాలేరు-నగరి నీళ్లతో ముడిపడిన, రాష్ట్రాల మధ్య కృష్ణా నీళ్ల వాటా తేల్చే రెండో ట్రిబ్యునల్ 2004లో ఏర్పడింది, ఢిల్లీలో ఇంకా నడుస్తోంది. అక్కడ సాక్షిని ఏం అడిగారో మన జిల్లా పేజీలో ఎప్పుడైనా చదివావా? నాయకుల స్టేట్‌మెంట్లే గదా.

ఆర్డరు కాపీ కోసం ఆర్టీఐ పెట్టానన్నావు. కోర్టు రికార్డులకు కోర్టు నిబంధనల దారినే రావాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసులో నువ్వు పార్టీ కాదు కాబట్టి, ఎందుకు కావాలో అఫిడవిట్లో రాసి కాపీ అర్జీ పెట్టు. అంతకుముందు ఈ-కోర్ట్స్ సైట్లో ప్రతి కేసుకూ ఉండే పదహారు అక్షరాల, అంకెల గుర్తింపు, ఆ సీఎన్ఆర్ నంబరు కొట్టి చూడు. వాయిదాలు దొరుకుతాయి, అదృష్టం ఉంటే ఆర్డర్లూ. కోర్టులో జరిగింది ఉన్నదున్నట్టు రాస్తే కోర్టు ధిక్కారం, అదే కంటెంప్ట్, కాదని 1971 చట్టం నాలుగో సెక్షనే చెప్తుంది. ఆ టెన్షన్ వదిలెయ్.

ఫొటోల సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి ఇప్పుడొద్దు. తర్వాతి వాయిదా ఎప్పుడో కూడా నీ కథనంలో లేదు, ముందు అది కనుక్కో. ఆ రోజు కేసుల పిలుపు మొదలవకముందే వెళ్లి కూర్చో. ఆ ఇన్సూరెన్స్ లాయరు డ్రైవరుకు లైసెన్సు లేదంటాడో, సంపాదన అంత లేదంటాడో విను. ఆమె జవాబు ఆమె మాటల్లోనే రాసుకుని, నాకు పంపు.