శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల అమ్మానాన్నలకు ఏ పార్కులు చూపించాలి?

మీ అమ్మానాన్నలు మూడు వారాల కోసం వస్తున్నారని, గోల్డెన్ గేట్ బ్రిడ్జి, పాత జైలు దీవి ఆల్కట్రాజ్ కాకుండా చరిత్ర, ప్రకృతి రెండూ ఉన్న చోట్లు చెప్పమని అడిగారు. కిందటేడు మావాళ్ళు వచ్చినప్పుడు నేనూ ఇదే వెతుక్కున్నాను. నాన్నకు డెబ్బై దాటాయి, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. వాళ్ళతో తిరిగిన అనుభవంతో చెబుతున్నాను. ఒక్క చోటికే రోజంతా ఇవ్వగలిగితే ఏంజెల్ ఐలాండ్‌కి ఇవ్వండి.

ఆల్కట్రాజ్ కంటే చాలా పెద్ద దీవి అది. 1910 నుంచి 1940 దాకా అక్కడ ఇమిగ్రేషన్ స్టేషన్ నడిచింది. పసిఫిక్ దాటి ఓడల్లో వచ్చినవాళ్ళను అక్కడ ఆపి ప్రశ్నలు వేసేవారు. చైనా కూలీల రాకను అడ్డుకుంటూ 1882లోనే చట్టం చేశారు కాబట్టి ఎక్కువ నలిగింది చైనావాళ్ళే. కొందరు వారాలు, నెలల తరబడి అక్కడి బారక్స్‌లోనే, అంటే అందరినీ కలిపి ఉంచే పొడుగాటి గదుల్లోనే, ఉండిపోయారు. ఆ బాధనంతా చెక్క గోడల మీద పద్యాలుగా చెక్కారు. పాత భవనాన్ని కూల్చేద్దామనుకుంటున్న రోజుల్లో, 1970లో, అలెగ్జాండర్ వైస్ అనే పార్క్ రేంజర్ కంట ఆ అక్షరాలు పడ్డాయి. అలా అది నిలిచింది.

ఇప్పటికీ కనిపిస్తాయి అవి. రంగు పూతల కింద సగం పూడిపోయి ఉంటాయి, కాస్త పక్కకు జరిగి చూస్తే గాట్లు తేలతాయి. అమ్మ ఒక గోడ దగ్గరే చాలాసేపు ఉండిపోయింది. "మనవాళ్ళను కూడా ఇక్కడ ఉంచారా?" అని అడిగింది. ఉంచారు, పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళను. వీసా ఇంటర్వ్యూ ముందు రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్రపోని అమ్మ, ఒకదాని మీద ఒకటి వేలాడే ఆ మంచాల వరసలు చూసి బయటికి వచ్చాక కూడా చాలాసేపు మాట్లాడలేదు.

ఫెర్రీ దిగిన అయాలా కోవ్ నుంచి అక్కడికి అరగంట పైనే నడక, మధ్యలో ఎక్కుడు ఉంది. షటిల్ బండి అన్ని రోజులూ నడవదు, స్టేషన్ మ్యూజియం తెరిచే రోజులు కూడా వేరు. రెండూ కలిసే రోజు చూసుకుని టికెట్లు కొనండి. తినడానికి ఇంటి నుంచే కట్టుకెళ్ళండి. చివరి ఫెర్రీ టైము మాత్రం అందరి ఫోన్లలోనూ అలారం పెట్టండి, అది పోతే దీవి దాటడం చాలా కష్టం.

అడవి కోసం మ్యూర్ వుడ్స్. విలియం కెంట్ అనే ఆయన ఆ లోయను కొని ప్రభుత్వానికి ఇచ్చేస్తే, 1908లో అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. తన పేరు పెడతామంటే కెంట్ వద్దన్నారు, అడవుల కోసం పోరాడిన రచయిత జాన్ మ్యూర్ పేరే ఉండాలన్నారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. అన్నిటికంటే ఎత్తైన రెడ్‌వుడ్ చెట్లు 250 అడుగులు దాటి ఉంటాయి. ఎండాకాలంలో అక్కడ వానలుండవు, సముద్రం మీద నుంచి వచ్చే పొగమంచే వాటికి తడి. ప్రవేశం దగ్గర ఒక పెద్ద దుంగను అడ్డంగా కోసి, వలయాల మీద సంవత్సరాలు గుర్తుపెట్టి ఉంచారు. నాన్న, కొలంబస్ అమెరికా చేరిన 1492 దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి లోపలికి ఇంకా ఎన్ని వలయాలున్నాయో మెల్లగా లెక్కపెట్టారు. కింద దారి చదునుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పి ఉన్నా ఇబ్బంది లేదు. పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి. అక్కడ ఫోన్ సిగ్నల్ రాదు కాబట్టి పాస్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. మేం చేసుకోలేదు, ఆ రోజు వెనక్కి వచ్చి ఇంకో వారం వెళ్ళాల్సి వచ్చింది.

సముద్రతీరంలో ఉన్న పాయింట్ రేయెస్ పార్కు దూరం, కానీ వదలొద్దు. అక్కడ బేర్ వ్యాలీలో 'ఎర్త్‌క్వేక్ ట్రైల్' అని చిన్న సిమెంటు దారి. 1906 భూకంపంలో ఒక కంచె నిట్టనిలువునా తెగి, రెండు ముక్కల మధ్య దాదాపు 16 అడుగుల ఎడం వచ్చింది. అలాంటి కంచెనే మళ్ళీ కట్టి చూపిస్తారు. నేల కదలడం అంటే ఏమిటో ఎంత చదివినా అంత బాగా అర్థం కాదు. లైట్‌హౌస్‌కి మాత్రం 313 మెట్లు దిగి ఎక్కాలి. అమ్మ పైనే కూర్చుంది, నాన్నా నేనూ వెళ్ళొచ్చాం. గాలి ఎక్కువైతే మెట్లు మూసేస్తారు.

ఫోర్ట్ పాయింట్‌కి గంట చాలు, బ్రిడ్జి చూపించడానికి వెళ్ళినప్పుడే చూసేయొచ్చు. బ్రిడ్జి కట్టేటప్పుడు ఆ ఇటుక కోటను పడగొట్టకుండా దాని మీదుగా ప్రత్యేకంగా ఒక ఉక్కు ఆర్చ్ కట్టారు. కింద నిలబడి తలెత్తి చూడండి.

ఒకే రోజులో రెండు పెట్టుకోకండి, పెద్దవాళ్ళు అలిసిపోయినా మనకు చెప్పరు. జూలై అయినా సరే, స్వెట్టర్లు కారులోనే ఉంచండి.