దుబాయ్ నుంచి ఊరికి: డబ్బు ఏ దారిన రావాలి?

ప్రశ్న: మావారు దుబాయ్‌లో కూలి పని చేస్తారు. నెలకు 1,500 దిర్హామ్‌లు పంపుతారు. ‘హుండీలో (బ్యాంకుతో పనిలేకుండా మధ్యవర్తుల చేతుల మీదుగా) పంపితే రేటెక్కువ, ఖర్చుండదు’ అని క్యాంపులో చెబుతున్నారట. పోయిన నెల అక్కడ డబ్బు మార్చి పంపే ఎక్స్ఛేంజి నుంచి పంపిన డబ్బేమో నా ఖాతాలో పడకుండా వెనక్కి పోయింది. ఏం చేయాలి?
– ఒక గృహిణి, జగిత్యాల జిల్లా

జవాబు: ముందు మీ పాస్‌బుక్ తీసి చూడండి. పాత ఆంధ్రా బ్యాంకుదైతే అందులో బ్రాంచిని గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ‘ఏఎన్‌డీబీ’తో మొదలవుతుంది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, ఇప్పుడు ‘యూబీఐఎన్’తో మొదలయ్యే కోడ్ ఇవ్వాలి. ఎక్స్ఛేంజిలో రాయించిన పేరు, పాస్‌బుక్‌లోని పేరు ఒకటేనా అన్నదీ చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ఉండి మరోచోట లేకపోయినా తిప్పి పంపేస్తుంటారు.

రెండూ సరిగ్గానే ఉంటే, మీది పూర్తి కేవైసీ (గుర్తింపు పత్రాల పరిశీలన) లేకుండా తెరిచిన ‘స్మాల్ అకౌంట్’ అయి ఉండొచ్చు. అందులో ఏడాదికి లక్షకు మించి జమ కాదు, నిల్వ 50 వేలు దాటకూడదు, విదేశీ సొమ్ము అసలే వేయరు. ఆధార్, పాన్ పట్టుకుని బ్రాంచికి వెళ్లి కేవైసీ పూర్తి చేయిస్తే సరిపోతుంది.

ఇక రేటు. ఎక్స్ఛేంజి వాళ్లు రెండు చోట్ల కోస్తారు: ఒకటి ఫీజు, రెండోది రేటులోనే. ఒకచోట దిర్హామ్‌కు 23 రూపాయలు, ఫీజు 20, దాని మీద 5 శాతం వ్యాట్‌తో 21 దిర్హామ్‌లు అనుకుందాం. మిగిలిన 1,479కి మీకొచ్చేది 34,017 రూపాయలు. ఇంకోచోట ‘ఫీజు లేదు’ అని బోర్డు పెట్టి 22.60 ఇస్తారు. అక్కడ వచ్చేది 33,900. ఉచితమన్నచోటే 117 తక్కువ! అందుకే మీవారిని ‘ఫీజెంత’ అని కాదు, ‘మా ఇంట్లోవాళ్ల ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి’ అని అడగమనండి.

హుండీ జోలికి మాత్రం పోవద్దు. అక్కడ మీవారు దిర్హామ్‌లు ఇస్తే, ఇక్కడ ఎవరో మీ ఖాతాలో రూపాయలు వేస్తారు. ఆ రూపాయలు ఎవరివి? సైబర్ మోసంలో కొట్టేసినవైతే, పోగొట్టుకున్నవాళ్లు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తారు, పోలీసులు సొమ్ము వెళ్లిన ఖాతాలన్నీ వెతుకుతారు, మీ ఖాతా స్తంభిస్తుంది. ‘మావారు పంపినవే’ అని చూపించడానికి మీ దగ్గర రసీదు ముక్క కూడా ఉండదు. పైగా హుండీ అంటేనే విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) ప్రకారం నేరుగా ఉల్లంఘనే. బ్యాంకు దారిన భర్త భార్యకు పంపిన డబ్బు మీద మీకు ఆదాయపన్ను లేదు కాబట్టి దాచాల్సిన పనీ లేదు.

మీవారి పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి రాబడి వేసుకునే ఖాతా) మార్పించాలి. పొదుపుకు, అక్కడి సంపాదన వేసుకునే ఎన్ఆర్ఈ ఖాతా తెరవమనండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఈ డిపాజిట్‌ను ఏడాది లోపు తీస్తే మాత్రం వడ్డీ రాదు.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయ సంఘానికి గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, అమెరికా పౌరసత్వం తీసుకున్న ఇద్దరు కలిసి చందా ఇస్తామంటున్నారు. సంఘం ఖాతాలో నేరుగా వేయించుకోవచ్చా?
– సంఘం కార్యదర్శి, నిజామాబాద్ జిల్లా

జవాబు: అందరి డబ్బూ ఒకే సంచిలో వేయకండి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరులది మాత్రం, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి: సంఘానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. చిన్న సంఘానికి అది కుదరదు కాబట్టి ఒక్క పనికి పరిమితమయ్యే ముందస్తు అనుమతి అడగండి. ఈ రెండింటిలో ఏ దారిన వచ్చినా ఆ విదేశీ సొమ్ము ముందు పడాల్సింది ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో సంఘం పేర తెరిచిన ఖాతాలోనే. ఊళ్లో ఉన్న తమ్ముడి ఖాతాలో వేసి అతని పేర చందా రాయించే ఉపాయం చాలామంది చెబుతారు. చేతులు మారినా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే.